బరంపురం నుంచి చూస్తే: ఇంటర్నెట్ చట్టం చెప్పే ప్రొఫెసర్ల పనేమిటి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక రిటైర్డు మాస్టారికి ఫోను వచ్చిందనుకుందాం. అవతలివాడు హిందీలో మాట్లాడుతూ తాను సీబీఐ అధికారినంటాడు. మీ ఆధార్ నంబరుతో పంపిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, వీడియో కాల్ కట్ చేస్తే జైలే అని బెదిరిస్తాడు. సాయంత్రమయ్యేసరికి మాస్టారి గ్రాట్యుటీ డబ్బు ఖాతాలోంచి వెళ్ళిపోతుంది. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టాల్లో ఎక్కడా లేదు. ఏ పోలీసుకూ ఆ అధికారం లేదు. అయినా ఈ మోసాలు ఎంత ముదిరాయంటే, 2025లో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది.

ఆ డబ్బు వెళ్ళిన దారి ఒకసారి చూడండి. ఫోను చేసినవాడు కంబోడియాలోనో మయన్మార్‌లోనో కూర్చుని ఉండవచ్చు. వాడిన సిమ్ మన దేశంలోనే ఇంకో రాష్ట్రంలో ఎవరి పేరుమీదో కొన్నది. డబ్బు పడిన ఖాతా మూడో రాష్ట్రంలోది. వీడియో కాల్ నడిచిన యాప్ అమెరికా కంపెనీది. మాస్టారు మాత్రం తెలుగాయన, ఫిర్యాదు ఇవ్వాల్సింది ఒడిశా పోలీసు ఠాణాలో. టెలికం కంపెనీ బ్యాంకును చూపిస్తుంది, బ్యాంకు మాస్టారినే తప్పుపడుతుంది, యాప్ వాళ్ళు మేం కేవలం మధ్యవర్తులం అంటారు. ఎవరికి వారే యమునా తీరే.

ఇందులో ఎవరి బాధ్యత ఎంత? ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి? ఆ జవాబు అడిగే అధికారం ఏ ఊళ్ళో ఏ గది తలుపు వెనక ఉంది? ఇంటర్నెట్ నియంత్రణ మీద పనిచేసే న్యాయశాస్త్ర ప్రొఫెసర్లు బతుకంతా ఈ ప్రశ్నల వెంట నడుస్తారు. మా బరంపురంలో ప్లస్ టూ అయిన పిల్ల ఈ చదువు చదువుతానంటే పెద్దవాళ్ళు వెంటనే, సైబర్ దొంగల్ని పట్టుకునే ఉద్యోగమా అని అడుగుతారు. దొంగను పట్టుకోవడం పోలీసుల పని. దొంగ పని అంత సులువు కావడానికి వ్యవస్థలో ఎవరి ఏమరుపాటు కారణమో, దాన్ని సరిచేయమని ఎవరిని నిలదీయాలో తేల్చడం ఈ ప్రొఫెసర్ల పని. అందుకే దీన్ని నేరాల చదువు అనడం కంటే బాధ్యతల చదువు అనడం సబబని నా ఉద్దేశం.

మాస్టారి కేసును కొంచెం విప్పి చూద్దాం

మొదట పోలీసు ఠాణా. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. 202వ సెక్షన్ ప్రకారం ఫోను మీదా ఎలక్ట్రానిక్ సందేశాల మీదా మోసం జరిగితే, ఆ సందేశం పంపిన చోట కోర్టుకైనా, అందుకున్న చోట కోర్టుకైనా విచారించే హక్కు ఉంది. అంటే ఇచ్ఛాపురం వాళ్ళు బరంపురం వెళ్ళమనీ, బరంపురం వాళ్ళు ఇచ్ఛాపురం వెళ్ళమనీ తిప్పడానికి చట్టంలో చోటు లేదు. నేరగాడు విదేశంలో ఉన్నా, మన దేశంలోని కంప్యూటర్ ఇందులో ఇరుక్కుంటే మన ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం వర్తిస్తుందని ఆ చట్టం 75వ సెక్షన్ చెబుతుంది.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. అదే చట్టం 78వ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఐటీ చట్టం కింద నేరాలను ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. కొండల మధ్య ఎస్సై నడిపే చిన్న ఠాణాలో కేసు రాసుకున్నా, అది అక్కడే ముందుకు కదలదు. ఆలస్యమైన ప్రతి గంటకూ డబ్బు ఇంకో ఖాతాకు జారిపోతుంది. అందుకే సైబర్ మోసాల ఫిర్యాదుకు పెట్టిన 1930 నంబరుకు వెంటనే ఫోను చేయమని అంత గట్టిగా చెబుతారు.

తర్వాత బ్యాంకు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు ఖాతాదారుడిదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగితే, మూడు పనిదినాల లోపల తెలియజేసిన ఖాతాదారుడి మీద నష్టం ఏమీ పడకూడదు. ఓటీపీ తానే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం అతనిదే. మరి మాస్టారు భయంతో వణికిపోతూ తన చేత్తో తానే డబ్బు పంపాడు. అది నిర్లక్ష్యమా, బలవంతమా? ఆ ఆదేశం రాసినవాళ్ళ కళ్ళముందు దొంగిలించిన కార్డులు, లీకైన పాస్‌వర్డులు ఉన్నాయి. గంటల తరబడి వీడియో కాల్‌లో బందీ అయిన మనిషి లేడు. పాత నియమానికీ కొత్త మోసానికీ మధ్య ఉన్న ఈ సందులోనే పరిశోధకులకు పని పుడుతుంది.

మూడో తలుపు ఒకటుంది. అది ఉందని లాయర్లలోనే చాలామందికి పట్టదు. ఐటీ చట్టం 46వ సెక్షన్ కింద ప్రతి రాష్ట్రంలోనూ ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణయ అధికారిగా ఉంటారు. 5 కోట్ల రూపాయల వరకు నష్టపరిహారం కోరుతూ ఆయన ముందు దరఖాస్తు పెట్టవచ్చు. బ్యాంకు తన కంప్యూటర్ల భద్రతలో అలసత్వం చూపిందనిపిస్తే బాధితుడు తట్టాల్సిన తలుపుల్లో ఇదొకటి. ఈ అధికారి పరిధిలోకి వచ్చే విషయాలను సివిల్ కోర్టు ముట్టుకోకూడదని 61వ సెక్షన్ అంటుంది. పర్లాకిమిడి మనిషికి ఆ తలుపు భువనేశ్వర్‌లో ఉంది. చట్టం హక్కు ఇవ్వడం వేరు, ఆ హక్కు అందేంత దూరంలో ఉండటం వేరు. ఈ తేడాను కొలిచి చూపించడం కూడా న్యాయశాస్త్ర పరిశోధనే. మన జిల్లాల నుంచి అలా కొలిచి చూపేవాళ్ళు చాలినంతమంది లేరన్నది నా బాధ.

అసలు ఇది వేరే శాస్త్రమా?

ఈ ప్రశ్న మీద ముప్పై ఏళ్ళ కిందట పెద్ద వాదమే జరిగింది. 1996లో షికాగో విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక సదస్సులో ఫ్రాంక్ ఈస్టర్‌బ్రూక్ అనే అమెరికా జడ్జి, ఇంటర్నెట్ చట్టం అంటూ వేరే సబ్జెక్టు అక్కర్లేదని వాదించారు. గుర్రాల అమ్మకాల మీద కేసులుంటాయి, గుర్రం తన్నితే కేసులుంటాయి, పందేల మీద కేసులుంటాయి. అలాగని కాలేజీలో గుర్రాల చట్టం అని పాఠం చెబుతామా? ఒప్పందాల చట్టం, ఆస్తి చట్టం సరిగ్గా నేర్పితే చాలు, గుర్రమైనా కంప్యూటరైనా అందులోనే ఇమిడిపోతుందన్నది ఆయన మాట.

దానికి దీటైన జవాబు ఇచ్చినవాడు లారెన్స్ లెస్సిగ్ అనే ప్రొఫెసర్. 1999లో ఆయన రాసిన వ్యాసమూ పుస్తకమూ ఈ రంగానికి పునాదిరాళ్ళు. మనిషి ప్రవర్తనను అదుపు చేసేవి నాలుగు అంటాడాయన: చట్టం, సంఘం కట్టుబాటు, బజారు ధర, కట్టడం. కట్టడం అంటే వస్తువును తయారుచేసిన తీరు. ఇంటర్నెట్‌లో ఆ కట్టడం సాఫ్ట్‌వేర్ కోడ్. ఏం చేయవచ్చో ఏం చేయకూడదో కోడే నిర్ణయిస్తుంది కాబట్టి కోడ్ కూడా ఒక రకం చట్టమే, దాన్ని రాసేవాళ్ళను ఎవరూ ఎన్నుకోలేదు కాబట్టి మనం జాగ్రత్తగా ఉండాలి అన్నది ఆయన వాదం సారాంశం.

ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన సిద్ధాంతం కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో జులై 1న జనం ఐదుగురిని కొట్టి చంపేశారు. హత్య చేస్తే శిక్ష వేసే చట్టం అప్పటికే ఉంది. ఆ నెలలోనే సుప్రీంకోర్టు మూకదాడుల మీద రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అది చట్టం దారి. తెలంగాణలోని గద్వాల జిల్లాలో పోలీసులు ఊరూరా తిరిగి జానపద కళాకారులతో పాటలు పాడించి, వచ్చిన ప్రతి సందేశాన్నీ నమ్మొద్దని చెప్పించారు. అది కట్టుబాటు దారి. వాట్సాప్ తన యాప్‌ను మార్చి మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా అడ్డు పెట్టింది. అది కోడ్ దారి. మూడో దారికి పార్లమెంటులో చర్చ జరగలేదు, గెజిట్‌లో ప్రకటన రాలేదు, కోట్లమంది చేతి అలవాటు మాత్రం మారింది. ఆ మార్పు మంచిదే. కానీ అదే అధికారంతో రేపు ఇంకేదైనా మార్చితే అడిగేదెవరు? గుర్రాల చట్టంలో ఇమడని ప్రశ్న ఇదే. ఆ వాదనలో లెస్సిగ్‌దే పైచేయి అని నేను నమ్ముతాను.

ప్రొఫెసర్ రాసిన మాట మన ఫోను దాకా

ఈ వృత్తికి ఎంత పట్టు ఉందో తెలియాలంటే టిమ్ వూ కథ చెప్పుకోవాలి. లా చదివి, కొంతకాలం సిలికాన్ వ్యాలీలో నెట్‌వర్క్ పరికరాల కంపెనీలో పనిచేసి, తర్వాత బోధనలోకి వచ్చిన మనిషి. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ అన్ని వెబ్‌సైట్లనూ సమానంగా చూడాలి, డబ్బిచ్చినవాడికి రాచబాట, ఇవ్వనివాడికి బురదదారి వేయకూడదు అన్న ఆలోచనకు ఆయన 2003లో ఒక పరిశోధన పత్రంలో నెట్ న్యూట్రాలిటీ అని పేరు పెట్టాడు. అప్పటికి మన దగ్గర ఇంటర్నెట్ అంటే కేఫ్‌కు వెళ్ళి గంటకింత అని కట్టడమే.

పన్నెండేళ్ళ తర్వాత అదే పేరు మన వీధుల్లో వినబడింది. 2015లో ఫేస్‌బుక్ ఒక టెలికం కంపెనీతో కలిసి కొన్ని వెబ్‌సైట్లు మాత్రం ఉచితంగా చూపించే పథకం తెచ్చింది. పథకం మొదలైన రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర ఉన్నాయి, ఒడిశా లేదు. పేదవాడికి ఏమీ లేనిదానికన్నా కొంత ఉంటే మేలు కదా అన్నది వాళ్ళ వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఎటొచ్చీ ఏ కొంత చూడాలో ఎంచేది ఎవరు అన్నది ప్రశ్న. ఉచిత జాబితాలో లేని తెలుగు వార్తల సైటుకు, ఇప్పుడిప్పుడే మొదలైన చిన్న వ్యాపారానికి పేద పాఠకుడు ఎప్పటికీ చేరడు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి ఆ ఏడాది 10 లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తీర్పులాంటి నిబంధన ఇచ్చింది: చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదు, పెడితే రోజుకు 50 వేల రూపాయల చొప్పున, గరిష్ఠంగా 50 లక్షల దాకా జరిమానా.

విచిత్రం ఏమిటంటే ఆ ఆలోచన పుట్టిన అమెరికాలో నిలవలేదు. అక్కడ 2015లో నిబంధన వచ్చింది, 2017లో పోయింది, 2024లో మళ్ళీ వచ్చింది, 2025 జనవరిలో ఒక అప్పీలు కోర్టు కొట్టేసింది. మన దగ్గర 2016 నిబంధన ఇప్పటికీ అమల్లో ఉంది. గుణుపూర్ సంతలో కూరగాయలమ్మే మనిషి ఫోనులో పెద్ద కంపెనీ యాప్‌కీ చిన్న సైటుకీ డేటా ఒకే ధర కావడానికి మూలం వెతుక్కుంటూ పోతే ఒక యువ ప్రొఫెసర్ రాసిన పత్రం కనబడుతుంది. తర్వాత 2021లో టిమ్ వూ అమెరికా అధ్యక్షుడికి సలహాదారుగా వైట్‌హౌస్‌కు వెళ్ళి, రెండేళ్ళు తిరగకుండానే మళ్ళీ పాఠాలు చెప్పుకోవడానికి వచ్చేశాడు. ఈ రంగంలో తరగతి గదికీ ప్రభుత్వానికీ మధ్య రాకపోకలు ఇలాగే ఉంటాయి.

ఓటముల సంగతీ చెప్పాలి. కాపీరైటు కాలపరిమితిని పెంచుతూపోవడం తప్పని లెస్సిగ్ స్వయంగా అమెరికా సుప్రీంకోర్టులో 2002లో వాదించి, మరుసటి జనవరిలో ఏడుకు ఇద్దరు జడ్జీల తేడాతో ఓడిపోయాడు. కోర్టులో ఓడిన ఆలోచనకు అప్పటికే ఇంకో దారి వేసి ఉంచాడు: రచయితలే తమ రచనను పంచుకోవడానికి ముందుగా అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు. ఈవేళ తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసమూ ఆ లైసెన్సు మీదే నడుస్తోంది. బరంపురం గురించి అక్కడ ఉన్న సమాచారాన్ని మనం ఎవరినీ అడగకుండా, మూలం పేరు చెప్పి, అవే షరతుల మీద వాడుకోగలుగుతున్నామంటే దాని వెనక ఆ పని ఉంది.

హద్దు ఎక్కడ?

ఇంటర్నెట్‌కు సరిహద్దులు లేవని తొలిరోజుల్లో గొప్పగా చెప్పుకునేవారు. 2000లో ఫ్రాన్స్ కోర్టు ఆ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది. యాహూ వేలం సైటులో నాజీల వస్తువులు అమ్మకానికి పెట్టారు. అమెరికాలో అది నేరం కాదు, ఫ్రాన్స్‌లో నేరం. ఎవరు ఏ దేశం నుంచి చూస్తున్నారో మేమెలా కనిపెట్టగలం అని యాహూ వాదించింది. కోర్టు నిపుణుల్ని అడిగింది. ఫ్రాన్స్ నుంచి చూసేవాళ్ళలో 70 శాతం మందిని గుర్తించడం సాధ్యమేనని వాళ్ళు చెప్పారు. అయితే అడ్డుకోండి, లేకపోతే రోజుకు లక్ష ఫ్రాంకులు కట్టండి అంది కోర్టు. ఆనాటి నుంచి ఇంటర్నెట్ మీద దేశాల గీతలు పడుతూనే ఉన్నాయి.

గీత మారితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న గంజాం, కోరాపుట్ ఒడిశాలో కలిశాయి. అంతవరకు మద్రాసు హైకోర్టుకు వెళ్ళే కేసులు తర్వాత పట్నాకు, 1948 నుంచి కటక్‌కు వెళ్ళసాగాయి. మనుషులు కదలలేదు, భూమి కదలలేదు, న్యాయం అడగాల్సిన ఊరు మాత్రం మారింది. ఒడిశా, ఆంధ్ర రెండూ తమవేననే కొఠియా గ్రామాల సంగతి ఇంకా తేలలేదు. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకు వెళితే, 2006లో కోర్టు ఈ హద్దు తేల్చడం తన పని కాదని యథాతథ స్థితి కొనసాగించమంది. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్న కుటుంబాలు అక్కడున్నాయి. పరిధి అన్న విషయాన్ని ఢిల్లీలో చదివే విద్యార్థి పాఠ్యపుస్తకంలో నేర్చుకోవాలి. కొఠియా ఉన్న పొట్టంగి వైపు పిల్లవాడికి అది ఇంట్లో మాట్లాడుకునే విషయం. ఈ రంగానికి మన పిల్లలు రావాలని నేను కోరుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

హద్దుల మాట వచ్చింది కాబట్టి ఇంటర్నెట్ ఆపివేతల గురించి రెండు ముక్కలు. 2023 ఏప్రిల్‌లో సంబల్‌పూర్‌లో, 2024 జూన్‌లో బాలేశ్వర్‌లో, 2025 అక్టోబరులో కటక్‌లో అల్లర్ల తర్వాత ఇంటర్నెట్ ఆపేశారు. 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఆదేశాలను ప్రచురించాలని, కాలపరిమితి లేకుండా ఆపకూడదని చెప్పింది. ఆదేశం ఒక్కొక్కటీ సేకరించి, కారణం రాశారా, సమీక్ష కమిటీ కూర్చుందా, గడువు పాటించారా అని లెక్క తీయడం ఓపిక కావాల్సిన పని. వార్తాపత్రికకు రెండో రోజుకే ఆ ఓపిక తీరిపోతుంది. యూనివర్సిటీ జీతం ఇచ్చేది ఇలాంటి ఓపిక కోసమే.

చచ్చిన సెక్షన్ కింద కేసులు

ఓపిక వల్ల ఏం ఒరుగుతుందో చూపే భారతీయ ఉదాహరణ ఐటీ చట్టం 66ఏ సెక్షన్, అభ్యంతరకరమైన సందేశాలు ఆన్‌లైన్‌లో పెడితే జైలు అన్నది. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరు అమ్మాయిల్ని ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్య పెట్టినందుకు, దాన్ని మెచ్చుకున్నందుకు అరెస్టు చేశారు. దాన్ని చూసి శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2015 మార్చి 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం ఆ సెక్షన్ రాజ్యాంగవిరుద్ధమని కొట్టేసింది. అందరూ పండగ చేసుకున్నారు. మూడేళ్ళ తర్వాత ఇద్దరు న్యాయవాదులు ఒక పరిశోధన పత్రం రాసేదాకా, ఆ చచ్చిన సెక్షన్ కింద పోలీసులు ఇంకా కేసులు పెడుతూనే ఉన్నారని దేశం గమనించలేదు. ఆ పత్రం ఆధారంగా విషయం మళ్ళీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2022 అక్టోబరులో కోర్టు దేశమంతటా ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించవద్దని ఆదేశించింది. తీర్పు కటక్‌లోనో ఢిల్లీలోనో వెలువడుతుంది. అది చిన్న ఊరి ఠాణా రైటర్ బల్ల మీదికి చేరిందో లేదో చూడటం వేరే పని.

ఆ తీర్పులోనే ఇంకో భాగం ఇప్పటికీ రగులుతోంది. 2004లో ఒక వేలం సైటులో ఎవరో అశ్లీల వీడియో అమ్మకానికి పెడితే సైటు అధిపతిని అరెస్టు చేశారు. ఎవరో చేసిన తప్పుకు మధ్యవర్తి ఎంతవరకు బాధ్యుడు అన్న చర్చ అక్కడ మొదలై, 2008లో ఐటీ చట్టం 79వ సెక్షన్‌ను తిరగరాశారు. విషయం తెలిసి కూడా తొలగించకపోతే మధ్యవర్తికి రక్షణ పోతుంది. తెలియడమంటే కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ ప్రకటనో అందడమని 2015 తీర్పు అర్థం చెప్పింది. ఇప్పుడు ప్రభుత్వం సహయోగ్ అనే పోర్టల్ ద్వారా ఎందరో అధికారులతో తొలగింపు నోటీసులు పంపిస్తోంది. ఇది చెల్లదని ఎక్స్ (పాత ట్విట్టర్) కంపెనీ వేసిన పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరులో కొట్టేసింది. నా మటుకు, ఎందుకు తొలగిస్తున్నారో ఆ మాట రాసినవాడికి చెప్పకుండా దాన్ని తీసేయడం 66ఏ కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు. అరెస్టయినవాడికి కనీసం తనకేం జరిగిందో తెలుస్తుంది.

ఇక్కడి నుంచి అక్కడికి

ఈ ఊరి నుంచి న్యాయశాస్త్రం కోసం సముద్రాలు దాటిన చరిత్ర కొత్తది కాదు. బరంపురంలో 1894లో తెలుగు ఇంట పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళి, ఐర్లాండ్ ఉద్యమంతో సంబంధాల వల్ల 1916లో తిరిగిరావాల్సి వచ్చి, ఇక్కడే ప్రాక్టీసు పెట్టారు. రాష్ట్రపతి అయ్యారు. ఈనాటి పిల్లలకు మెట్లు ఇంకొంచెం దగ్గర. బరంపురంలో లింగరాజ్ లా కాలేజీ, జయపురంలో లా కాలేజీ ఉన్నాయి. క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే కటక్, విశాఖ, హైదరాబాద్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు. చంద్రపూర్, సిరొంచా వైపు తెలుగువాళ్ళకు నాగ్‌పూర్ దగ్గర. క్లాట్ ఇంగ్లిషులోనే ఉంటుంది. అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో లా పేపరు ఇంగ్లిషు, హిందీల్లోనే. ఒడియా బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు ఇది నిజమైన గోడ. లేదని చెప్పడం వాళ్ళకు ద్రోహం. రెండేళ్ళు పట్టుబట్టి తీర్పులు చదివితే ఆ గోడ ఎక్కగలిగేదే.

ఆ తర్వాత లెక్క ఇలా ఉంటుంది. ఎల్ఎల్ఎంలో 55 శాతం, నెట్ పాసైతే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత. మూల వేతనం 57,700 రూపాయల దగ్గర మొదలు. అసోసియేట్ కావాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి, అక్కడ మూల వేతనం 1,31,400. ప్రొఫెసర్‌కు పదేళ్ళ అనుభవం, పది పరిశోధన పత్రాలు, 1,44,200. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేసే తొలి రెండేళ్ళు నెలకు 37,000 ఫెలోషిప్. ప్రైవేటు కాలేజీల్లో ఈ అంకెలు ఇంతగా ఉంటాయని ఎవరూ ఆశపెట్టుకోవద్దు. పెద్ద న్యాయసంస్థల్లో తోటివాళ్ళు ఇంతకంటే చాలా ఎక్కువ సంపాదిస్తుంటే చూస్తూ ఉండాలి కూడా.

మన దేశంలో ఇంకో కట్టడి ఉంది. పూర్తికాలం జీతం తీసుకునేవాళ్ళు ప్రాక్టీసు చేయకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం. ప్రాక్టీసు చేసే లాయరు రోజుకు మూడు గంటలకు మించకుండా పాఠం చెప్పవచ్చు. పూర్తికాలం ప్రొఫెసర్ మాత్రం నల్లకోటు పక్కన పెట్టాల్సిందే. లెస్సిగ్‌లా కోర్టులో నిలబడి వాదించే వీలు మన ప్రొఫెసర్‌కు లేదు. అందువల్ల ఇక్కడ పలుకుబడి అంతా రాతలోంచే రావాలి: ట్రాయ్ సంప్రదింపులకు పంపే జవాబులు, పార్లమెంటు కమిటీల ముందు వాంగ్మూలాలు, పత్రికల్లో వ్యాసాలు, జడ్జీలు చదివే పరిశోధన పత్రాలు. ఈ నియమం సడలించాలన్నది నా అభిప్రాయం. డిజిటల్ అరెస్టులో డబ్బు పోగొట్టుకున్న మాస్టారి కేసు మన ఊరి కోర్టులో నడుస్తుంటే, ఆ విషయం మీద పదేళ్ళు పనిచేసిన మనిషి ప్రేక్షకుల బెంచీ మీద కూర్చోవడం ఎవరికి లాభం?

పరిశోధనకు విషయాల కరువు లేదు. ఒక్కటి చెబుతాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 5వ సెక్షన్ ప్రకారం, మన వివరాలు తీసుకునే సంస్థ ఏం తీసుకుంటోందో ఎందుకు తీసుకుంటోందో చెప్పే నోటీసును ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ బాధ్యత అమలుకు ఆపైన పద్దెనిమిది నెలల గడువు ఉంది. ఒడిశాలో ఉన్న తెలుగువాడికి ఇది చిన్న వరం కాదు. రేషన్ కార్డు మీద, బస్సు బోర్డు మీద తెలుగు దొరక్కపోయినా, అప్పు ఇచ్చే యాప్‌ను తెలుగులో చెప్పమని అడిగే హక్కు వస్తుంది. రాష్ట్రం ఏదైనా ఆ హక్కు మనిషి వెంటే ఉంటుంది.

సవరలకు ఆ హక్కు లేదు. గుణుపూర్ కొండల్లో, గజపతి జిల్లాలో మాట్లాడే సవర భాష ఎనిమిదో షెడ్యూల్లో లేదు. కోందులు మాట్లాడే కువి కూడా లేదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులు వ్యాకరణం, నిఘంటువు రాసిన భాష సవర. దానికి 1936లో మంగెయి గొమాంగో తయారుచేసిన లిపి ఉంది. 2012లో ఆ లిపిని కంప్యూటర్ల అక్షర ప్రమాణమైన యూనికోడ్‌లో చేర్చారు, అంటే సాంకేతికంగా సవర నోటీసును ఏ ఫోను తెర మీదైనా చూపించవచ్చు. కోడ్ ఒప్పుకున్న భాషను చట్టం ఇంకా ఒప్పుకోలేదు. అర్థం కాని భాషలో నోటీసు చూసి సవర మహిళ బొటనవేలితో నొక్కిన అంగీకారం చట్టం దృష్టిలో స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చిన అంగీకారమేనా? డేటా రక్షణ బోర్డు ముందుకు ఈ ప్రశ్న తొలిసారి తీసుకెళ్ళే పరిశోధన పత్రం రాయడానికి సవర, తెలుగు, ఒడియా మూడూ చెవినపడే చోట పెరిగిన విద్యార్థి కావాలి.